కాలని ఫ్యూజు, కాలిన వైరు

ఉప్పల్‌కు మెట్రో రైలు వచ్చిన మరుసటి ఏడాది, జూన్ నెలలో, పాత కార్ల హెడ్‌ల్యాంపుల పని నాకు అప్పగించారు. అప్పటికి నేను నాచారం పారిశ్రామికవాడలో ఒక వైరింగ్ హార్నెస్ ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగానికి డిప్యూటీ మేనేజర్‌ని. రిటైర్మెంటు దగ్గరపడింది. హార్నెస్ అంటే బ్రహ్మపదార్థం కాదు. బ్యాటరీ నుంచి లైట్లకు, హారన్‌కు, మీటర్లకు వెళ్లే వైర్లను కొలత ప్రకారం కోసి, కొసలకు ఇత్తడి టెర్మినళ్లు నొక్కి, టేపు చుట్టి తయారుచేసే కట్ట. మేం ట్రాక్టర్లకు, ఆటోలకు చేసేవాళ్లం. పాత కార్ల జోలికి ఎప్పుడూ పోలేదు.

పోవాల్సి రావడానికి కారణం చుట్టరికం. మా ఎండీ గారి బావమరిది మాధవరావు గారికి మేడిపల్లి దాటాక వరంగల్ రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాలు ఉంది. ఆయనకు పాత కార్ల పిచ్చి. ఎక్కడెక్కడి నుంచో నాలుగు పాతకాలపు విదేశీ కార్లు కొని, రంగులు వేయించి, హాలు బుక్ చేసుకున్నవాళ్లకు పెళ్లికొడుకు ఊరేగింపు కోసం పంపేవారు. చర్చిలో పెళ్లి చేసుకుని రిసెప్షన్‌కు వచ్చే మా క్రైస్తవ కుటుంబాల వాళ్లకు కూడా ఆ కార్లంటే మహా మోజు. కారు చూడ్డానికి మహారాజే. కానీ నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి రెండు హెడ్‌ల్యాంపులూ ఒకేసారి ఆరిపోయేవి.

అందులో వింతేమీ లేదు. ఆ కార్లు తయారైన రోజుల్లో చాలావాటికి రెండు ల్యాంపులకూ కలిపి ఒక్కటే ఫ్యూజు పెట్టేవారు. ఫ్యూజు అంటే కావాలని బలహీనంగా చేసిన సన్నని తీగ. ఎక్కడైనా వైరు ఒరుసుకుపోయి కారు బాడీకి తగిలితే కరెంటు వరదలా పారుతుంది. వైరు కాలకముందే ఫ్యూజు కాలిపోయి దారి తెంపాలి. అది దాని ధర్మం. ఒక ల్యాంపు వైరులో లోపం వస్తే ఫ్యూజు తన ధర్మం తాను చేస్తుంది, దాంతోపాటు బాగున్న రెండో ల్యాంపు కూడా చచ్చిపోతుంది. రెండు కళ్లకూ కలిపి ఒకటే నరం పెట్టాలన్న ఆలోచన దేవుడికి రాలేదు గానీ ఆ దొరలకు వచ్చింది.

నాకిచ్చిన పని ఒక్క మాటలో చెప్పాలంటే, ఒక ల్యాంపు పోయినా రెండోది వెలిగేలా వైరింగ్ మార్చడం. ఆ ల్యాంపుల్లో ఇప్పటిలా దూరానికీ దగ్గరికీ రెండు కాకుండా ఒక్కొక్క ఫిలమెంటే ఉండేది. కాబట్టి పని సులువే. ల్యాంపుకొక ఫ్యూజు చొప్పున రెండు పెట్టాను. రెండో మార్పు, కరెంటు తిరిగి వచ్చే దారి గురించి. పాత కార్లలో ల్యాంపు నుంచి కరెంటు తిరిగి బ్యాటరీకి రావడానికి వేరే వైరు ఉండదు, ఇనుప బాడీయే దారి. బాడీ తుప్పు పట్టాక ఆ దారి గతుకుల రోడ్డే. అందుకని ప్రతి ల్యాంపుకూ తిరుగుదారి వైరు కూడా వేశాను. అంటే ల్యాంపుకు రెండు వైర్లు, పోయేది ఒకటి, వచ్చేది ఒకటి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, అది తెలియకపోతే తరువాతి కథ తెలియదు. ఇప్పటి బండ్లలో బ్యాటరీ మైనస్ కొసను బాడీకి బిగిస్తారు. ఆ నాలుగు కార్లలో తిరకాసు, ప్లస్ కొసను బాడీకి బిగించారు. అప్పట్లో అదొక పద్ధతి. కాబట్టి ఇప్పటి బండిలో బాడీకి తగిలితే ప్రమాదం ప్లస్ వైరుతో, ఆ కార్లలో మైనస్ వైరుతో. ఫ్యూజు ఎప్పుడూ ప్రమాదం ఉన్న వైరులోనే ఉండాలి. మా ఫ్యాక్టరీలో ప్లస్‌కు ఎర్ర వైరు, మైనస్‌కు నల్ల వైరు వాడటం ఆనవాయితీ. నా డ్రాయింగులో రెండు ఫ్యూజులూ నల్ల వైర్లలో ఉన్నాయి. బాడీ ప్లస్ అన్న సంగతి డ్రాయింగు మూలన ఇంగ్లిషులో నోట్ కూడా రాశాను.

మొదటి కారుకు హార్నెస్ నేనే నా టేబుల్ మీద కట్టాను. దానికి టైప్ టెస్ట్ చేశాను. కొత్త డిజైన్ చేసినప్పుడు ఒక నమూనాను నానా హింసలూ పెట్టి చూసే పరీక్షకు ఆ పేరు. నల్ల వైరును కావాలని బాడీకి ముట్టించాను. ఆ ల్యాంపు ఫ్యూజు తటాలున పోయింది, రెండో ల్యాంపు హాయిగా వెలుగుతూనే ఉంది. మాధవరావు గారు చప్పట్లు కొట్టారు. మిగతా మూడు కార్ల హార్నెస్‌లు లైన్‌లో చేయించమని డ్రాయింగు కిందికి పంపాను.

లైన్ అంటే ఆడవాళ్లు వరసగా నిలబడి పనిచేసే చోటు. పెద్ద చెక్క బోర్డు మీద డ్రాయింగు అతికించి, మలుపు మలుపుకూ మేకులు కొట్టి, ఆ మేకుల వెంట వైర్లు పరుచుకుంటూ పోతారు. లైన్ లీడర్ స్వరూప. దమ్మాయిగూడ నుంచి వచ్చేది. పని నేర్చుకునే అమ్మాయిగా చేరి లీడర్ అయింది, పాతికమంది ఆమె కనుసన్నల్లో పనిచేసేవారు. తయారైన ప్రతి హార్నెస్‌కూ రొటీన్ టెస్ట్ ఉంటుంది. రెండు కొసలూ టెస్ట్ బోర్డుకు తగిలిస్తే, ఏ వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలో అక్కడికే పోతున్నదో లేదో చిన్న బల్బులు వెలిగి చెబుతాయి. మూడు హార్నెస్‌లకూ అన్ని బల్బులూ వెలిగాయి. సంతకం పెట్టి పంపించాను.

శ్రావణమాసంలో, పెళ్లిళ్ల రద్దీలో, గొడవ మొదలైంది. ఆదివారం ఆరాధన అయి చర్చి మెట్లు దిగుతుంటే మాధవరావు గారి ఫోను. ముందటి రోజు సాయంత్రం రెండో కారులో పెళ్లికొడుకును తెస్తుంటే ఉప్పల్ దాటాక కుడి ల్యాంపు ఆరిపోయిందట, ఎడమది మినుకు మినుకుమన్నదట, బానెట్ కింద నుంచి పొగ, ఆ వెనకే మంట వచ్చాయట. ఫ్లైఓవర్ పిల్లర్ల కోసం రోడ్డంతా తవ్విపోసిన రోజులవి. డ్రైవర్ యాదగిరి బండి పక్కకు తీసి, బ్యాటరీ క్లాంపు పీకేసి, పిల్లర్ల పక్కన పోసిన ఇసుక తెచ్చి మంట మీద చల్లాడు. పెళ్లికొడుకు ముఖం మీది పూల సెహ్రాతో సహా షేర్ ఆటో ఎక్కి మండపానికి చేరాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, మాధవరావు గారి పరువుకు తప్ప.

సోమవారం కారును తాళ్లు కట్టి లాక్కొచ్చి మా ఫ్యాక్టరీ షెడ్‌లో పెట్టారు. బానెట్ ఎత్తి చూసి నేను నిలబడిపోయాను. కుడి ల్యాంపు వైర్లు సాంతం కాలి, పై తొడుగుతో సహా కరిగి తారుముద్ద అయ్యాయి. ఏది ఎర్రదో ఏది నల్లదో దేవుడికెరుక. వైరు ఒక ఇనుప బ్రాకెట్ దగ్గర ఒరుసుకుని బాడీకి తగిలినట్టు గుర్తు స్పష్టంగా ఉంది. అంతవరకు అర్థమైంది, గతుకుల్లో అలా జరుగుతుంది, దానికోసమే ఫ్యూజు పెట్టాం. కానీ ఫ్యూజు డబ్బా మూత తీస్తే రెండు ఫ్యూజులూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. డబ్బా దాకా వైర్లకు టేపు చుట్టి ఉంటుంది, రంగులు కనబడవు. వైరు కాలింది, ఫ్యూజు కాలలేదు. కుక్క నిద్రపోతుంటే ఇల్లంతా దోచుకున్నట్టు.

ముప్పై ఏళ్లకు పైగా చేసిన ఉద్యోగంలో నేను అలాంటిది చూడలేదు. ఎక్కువ కరెంటు మోసే ఫ్యూజు పెట్టారేమో అని చూశాను, నేను రాసినదే ఉంది. ఫ్యూజుల లాట్‌లో లోపం ఉందేమో అని స్టోర్స్‌లో ఆ లాట్ పెట్టెలోంచి కొన్ని తీసి కరెంటు పెంచి చూశాను, అన్నీ బుద్ధిగా కాలిపోయాయి. పోనీ కాలిన కారులోని ఫ్యూజే మొద్దుదేమో అని దాన్నీ తీసి పెట్టి చూశాను, అదీ కాలింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి, ఫలితం మాత్రం తప్పు. కోపం వచ్చింది. నాకు అర్థం కానిది ఎదురైతే ముందు కోపమే వస్తుంది, ఆకలి తరువాత.

మాధవరావు గారికి మాత్రం ఏ అయోమయమూ లేదు. మొదటి కారు జూన్ నుంచీ నిక్షేపంగా తిరుగుతోంది. అదే డ్రాయింగు, అదే వైరు, అదే ఫ్యూజు. తేడా ఒక్కటే, ఆ కారుకు వేరే డ్రైవరు, ఈ కారుకు యాదగిరి. ఫ్యూజు పోతే యాదగిరి దాని స్థానంలో లావుపాటి రాగి తీగ చుట్టి ఉంటాడని, పొగ వచ్చాక భయపడి తీసేసి మంచి ఫ్యూజు పెట్టి ఉంటాడని ఆయన తీర్మానం. మన ఊళ్లో డ్రైవర్లు అలా చేయరా అంటే చేస్తారు. ఆ మాట కొట్టిపారేయడానికి లేదు. లోపం డ్రైవర్‌దని రిపోర్టులో ఒక్క వాక్యం రాసిస్తే అతన్ని పనిలోంచి తీసేస్తానని చెప్పారు.

యాదగిరిని ఆ రోజే మొదటిసారి చూశాను. నా ఈడువాడే. జనగామ వైపు మనిషి, మా ఊరికి నాలుగు ఊళ్ల అవతల. భార్య, ఇంటర్ చదివే కూతురుతో ఫంక్షన్ హాలు వెనక గదిలో ఉంటున్నాడు. పని పోతే గదీ పోతుంది. షెడ్‌లో కారు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏం జరిగిందో చెప్పమంటే వరసగా చెప్పాడు, ఒక్క ముక్క ఎక్కువా తక్కువా లేదు. "ఫ్యూజు డబ్బా నేను ముట్టలేదమ్మా. మూత కూడ తియ్యలే," అని మాత్రం రెండుసార్లు అన్నాడు.

అతని మాట నిజమనడానికి నా దగ్గర ఒక ఆధారం ఉంది. ఫ్యూజును హోల్డర్‌లో బిగించాక రెండింటినీ కలుపుతూ పసుపు పెయింటుతో చిన్న గీత పెట్టడం మా ఇన్స్పెక్షన్ పద్ధతి. ఫ్యూజు తీస్తే గీత తెగుతుంది, మళ్లీ పెడితే రెండు ముక్కలూ కలవవు. నేను ఫ్యూజు తీయకముందు చూశాను, గీత తెగలేదు. మాధవరావు గారికి చూపించాను. పెయింటు బజార్లో దొరకదా అన్నారాయన. దొరుకుతుంది.

అదీ నా పరిస్థితి. పెయింటును నమ్మితే యాదగిరి తప్పు చేయలేదు. యాదగిరి తప్పు చేయకపోతే ఫ్యూజు తన ఎదురుగా వైరు కాలుతుంటే ఊరుకున్నట్టు. అది భౌతికశాస్త్రం ఒప్పుకోదు. మొదటి కారేమో అదే డ్రాయింగుతో బాగుంది. ఏ కొస పట్టుకు లాగినా ముడి బిగుసుకుంటోంది. రెండు రోజులు మేడిపల్లిలోని మా ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని కూడా పళ్లెంలో వైర్లు గీసుకుంటుంటే, మా ఆయన ముద్ద చల్లారుతోందని గుర్తుచేయాల్సి వచ్చింది.

బుధవారం గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు యాదగిరి వచ్చాడని కబురు పంపారు. సెక్యూరిటీ గదిలో బెంచీ మీద కూర్చున్నాడు, నన్ను చూసి లేచాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మా, నేనే ముట్టిన్నని రాయుండ్రి," అన్నాడు.

నాకు సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాను. మళ్లీ అడిగాను.

"ఫ్యూజు పోయింది. రాగి తీగ సుట్టిన. గందుకే కాలింది. గట్ల రాసియ్యుండ్రి."

తలనొప్పి అప్పటికే ఉంది, అది రెట్టింపైంది. రెండు రోజుల కింద ముట్టలేదన్న మనిషి ఇప్పుడు ముట్టానంటున్నాడు. నిజమైతే నా ముడి విడిపోతుంది, సంతకం పెట్టి ఇంటికి పోవచ్చు. పోవాలనే అనిపించింది కూడా. అయినా అలవాటు కొద్దీ ఒక ప్రశ్న అడిగాను, ఏ ల్యాంపు ఫ్యూజుకు చుట్టారని. ఎడమదానికి అన్నాడు. కాలింది కుడి వైపు. పోయిన ఫ్యూజు ఏం చేశారంటే పారేశానన్నాడు. కొత్తది ఎక్కడిదంటే ఉప్పల్‌లో కొన్నానన్నాడు. ఆ హోల్డర్‌లో పట్టే పొట్టి ఫ్యూజు ఉప్పల్‌లో ఏ షాపులోనూ దొరకదు, మేమే బయట నుంచి తెప్పించుకున్నాం. "యాదగిరన్నా, మీకు అబద్ధం చెప్పడం కూడా సరిగ్గా రాదు," అన్నాను.

అప్పుడు కూర్చున్నాడు. తప్పు ఒప్పుకుంటే డ్రైవరు పని తీసేసి వాచ్‌మన్‌గా ఉంచుతానని మాధవరావు గారు చెప్పారట. ఒప్పుకోకపోతే నెలాఖరుకు గది ఖాళీ చేయాలట. "బిడ్డ పరీక్షలయ్యేదాంక రూము ఉంటె సాలమ్మా," అన్నాడు. తరువాత, "నిజం జెప్పాల్నంటె, అందరు గట్లనే అంటుంటె, నేనే ఏమన్న ముట్టిన్నేమో అని నాకే అనుమానం వట్టుకున్నది," అన్నాడు. ఆ మాటకు నాకు దుఃఖం వచ్చింది. ఫ్యాక్టరీలో ఏడవడం నా పద్ధతి కాదు కాబట్టి టీ తెప్పించి ఇచ్చి, రిపోర్టు ఇంకా కాలేదని చెప్పి పంపేశాను.

సంగతి అప్పటికే ఎండీ గారికి చేరింది. డ్రైవరు ఒప్పుకున్నాడు కదా మేడమ్, ఇంకా ఏం వెతుకుతున్నారు అని మర్యాదగానే అడిగారు. ఒప్పుకున్నాడు గానీ ఒప్పుకున్నది అతకడం లేదు సార్ అన్నాను. ఒక రోజు గడువిచ్చారు. కొత్తగా వచ్చిన ప్లాంట్ మేనేజరు పక్కనే కూర్చుని నా ముఖం వైపు చూస్తున్నాడు. రిటైర్ కాబోయే ఆవిడకు చాదస్తం పెరిగిందని అతని చూపు చెప్పింది. అతను వచ్చిన నెల నుంచీ ఎవరి తప్పు దొరుకుతుందా అని లైన్ల మధ్య తిరుగుతున్నాడు.

ఆ గురువారం పొద్దున ఒక నిర్ణయానికి వచ్చాను. ఆలోచించి లాభం లేదు, కాల్చి చూడాలి. స్టోర్స్‌లో నేను చేసిన నమూనాకు జోడీగా నేనే కట్టిన ఇంకొక హార్నెస్ ఉంది. దాన్ని ఒక టేబుల్ మీద పెట్టాను. లైన్‌లో చేసిన మూడింటితోపాటు స్పేర్‌గా చేయించిన నాలుగోది ఇంకో టేబుల్ మీద పెట్టాను. కారు బాడీ బదులు ఇనుప రేకు, దానికి బ్యాటరీ ప్లస్ కొస బిగించాను, అచ్చం ఆ కార్లలో లాగే. అవసరమైతే కరెంటు కోయడానికి పెద్ద స్విచ్ పెట్టాను. హార్నెస్ పట్టుకోవడానికి స్వరూపను పిలిచాను.

మొదట నేను కట్టింది. నల్ల వైరును రేకుకు ముట్టించగానే ఫ్యూజు పోయింది. వైరు గోరువెచ్చన కూడా కాలేదు. తరువాత లైన్‌లో కట్టింది. అదే డ్రాయింగు. నల్ల వైరును రేకుకు ముట్టించాను. ఫ్యూజు పోలేదు. ఫ్యూజు పోకపోగా వైరు వేడెక్కి, తొడుగు మెత్తబడి, పొగ లేచింది. గబుక్కున స్విచ్ కట్టేశాను. పొగ వాసనకు చుట్టుపక్కల టేబుళ్ల వాళ్లు తల తిప్పి చూశారు. నా కళ్ల ముందు జరిగింది నాకే అర్థం కాలేదు. రెండూ ఒకటే కదా అని పైకే అన్నాను.

స్వరూప చాలా మెల్లగా, పక్కవాళ్లకు వినపడకుండా అంది: "మేడమ్, నల్లదాన్ని గాదు, ఎర్రదాన్ని ముట్టియ్యాలె. ఫ్యూజు ఎర్రదాన్ల ఉన్నది."

నేను ఆమె వైపు చూశాను. ఆమె ముఖంలో భయం లేదు. నేను పరీక్ష తప్పుగా చేస్తున్నానని, నలుగురిలో నా పరువు పోకుండా చెవిలో చెబుతున్నానని అనుకుంటోంది. ఫ్యూజు ఎర్రదాన్లోకి ఎలా వచ్చింది, ఎవరు పెట్టమన్నారు అని అడిగాను.

"ఎవ్వరు పెట్టమనలేదు మేడమ్. ఇన్నేండ్ల సంది ఫ్యూజు ఎర్రదాన్లనే పెడుతున్నం. డ్రాయింగుల నల్లదాన్ల ఉంటె, మీరు ఏదో పరేషాన్ల గీసిన్రనుకున్నం. కొత్త మేనేజర్ సారు సూస్తె మీకు మాటొస్తదని మేమే సక్కజేసినం. బయట ఎవ్వరికి జెప్పలే," అంది.

లైన్‌లో ఉన్న ఆడవాళ్లందరికీ తెలుసట. అందరూ కలిసి అనుకునే చేశారట. రొటీన్ టెస్ట్ ఎందుకు పట్టుకోలేదో అప్పుడు తెలిసింది. టెస్ట్ బోర్డు వైరు ఈ కొస నుంచి ఆ కొసకు పోతున్నదా అనే చూస్తుంది. మధ్యలో ఫ్యూజు ఏ వైరులో ఉందో దానికి అనవసరం. ఎర్ర వైరు, నల్ల వైరు, రెండూ ఎక్కడికి పోవాలో అక్కడికే పోయాయి, బల్బులన్నీ వెలిగాయి. ట్రాక్టరు హార్నెస్ అయితే వాళ్లు చేసిందే సరైన పని. బాడీ ప్లస్ అయిన కారులో ఎర్ర వైరుకు ఫ్యూజు పెడితే, దొంగ వాకిలిలోంచి వస్తుంటే పెరటి తలుపుకు తాళం వేసినట్టు. ల్యాంపు మామూలుగానే వెలుగుతుంది. ప్రమాదం వచ్చిన రోజున మాత్రం ఫ్యూజు ఉన్నా లేనట్టే.

స్వరూపకు కాగితం మీద బ్యాటరీ గీసి, ప్లస్ బాడీకి బిగించి చూపించాను. చిత్రం సగంలో ఉండగానే ఆమెకు అర్థమైంది. కారులో ఎవరికైనా ఏమైనా అయిందా అని ఒకటే అడిగింది. ఎవరికీ ఏమీ కాలేదని, మాట్లాడే తీరిక తరువాత అని చెప్పి ఫోను అందుకున్నాను. లైన్‌లో చేసిన హార్నెస్‌లు ఇంకో రెండు కార్లలో ఉన్నాయి.

ఒకటి హాలు షెడ్‌లోనే ఉంది. రెండోది ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర పూలు కట్టించుకుంటోంది, ఆ సాయంత్రం పెళ్లికొడుకును తేవాలి. దాన్ని కదిలించవద్దని చెప్పి, ఫ్యాక్టరీ వ్యాన్‌లో స్వరూపను వెంటబెట్టుకుని పోయాను. బంతిపూల దండలు పక్కకు జరిపి బానెట్ ఎత్తించాను. కాలిన కారులో ఏ బ్రాకెట్ దగ్గర వైరు ఒరుసుకుందో, ఇందులోనూ అదే బ్రాకెట్ దగ్గర నల్ల వైరు తొడుగు అరిగి, లోపలి రాగి కనబడుతోంది. వేలు పెట్టి స్వరూపకు చూపించాను. పెళ్లివాళ్లకు మొదటి కారు పంపించారు.

శుక్రవారం మాధవరావు గారి హాలు ఆఫీసులో రిపోర్టు చదివాను. కారణం: తయారీలో ఫ్యూజు స్థానం డ్రాయింగుకు భిన్నంగా మారడం. బ్రాకెట్ అంచుకు రబ్బరు తొడుగు లేకపోవడం దానికి తోడు. డ్రైవర్ ప్రమేయం లేదు. లైన్‌లో ఎవరి పేరూ రాయలేదు, మార్పు లైన్ అంతా కలిసి చేసింది కాబట్టి రాయడానికి ఒక పేరు లేదు కూడా. ప్లాంట్ మేనేజరు స్వరూపకు మెమో ఇవ్వాలన్నాడు, ఇచ్చాడు. ఆమె దాన్ని తీసుకుంది, ఉద్యోగానికి ఢోకా రాలేదు.

మాధవరావు గారు అంతా విన్నారు. టేబుల్ మీద ప్లస్, మైనస్ గీసి చూపించమన్నారు, చూపించాను. అర్థమైందన్నారు. కానీ ఒక్కటి అర్థం కావడం లేదన్నారు. తప్పు చేయనప్పుడు యాదగిరి ఎందుకు ఒప్పుకున్నాడు? మీరు ఒప్పుకోమన్నారు కాబట్టి అన్నాను. తరువాత యాదగిరిని పిలిపించి, కారు బాగయ్యాక నువ్వే తీసుకురా అన్నారు. క్షమాపణ అనే మాట ఆ గదిలో ఎవరి నోటా రాలేదు. యాదగిరి సరే సార్ అన్నాడు, నాకు నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. కొత్త హార్నెస్ బిగించిన రోజున అతను డ్రైవింగ్ సీట్లో కూర్చున్నాడు గానీ, ఫ్యూజు డబ్బా చూపిస్తామంటే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నేను దాని దగ్గరికి రానన్నాడు.

తరువాత ఫ్యాక్టరీలో రెండు పద్ధతులు మారాయి. బాడీ ప్లస్ ఉన్న పని వస్తే డ్రాయింగు మూలన ఇంగ్లిషు నోటుతో సరిపెట్టకుండా, లైన్ అందరినీ నిలబెట్టి ఎందుకో తెలుగులో చెప్పి, బొమ్మ గీసి బోర్డుకు అతికించేవాళ్లం. డ్రాయింగులో తప్పుందని ఎవరికి అనిపించినా బోర్డు మీద పని ఆపి అడగాలి, ఎవరి పరువూ చూడక్కర్లేదు. స్వరూప ఆ తరువాత నా బోర్డును చాలాసార్లు ఆపింది. అందులో చాలావరకు డ్రాయింగే సరైనది. రెండుసార్లు మాత్రం ఆమెది సరైనది.

ఆ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నది ఇది. లైన్‌లోని ఆడవాళ్లు నా పరువు కాపాడడానికి నోరు మూసుకున్నారు, యాదగిరి తన గది కాపాడుకోవడానికి నోరు తెరిచాడు. రెండు పనులూ మనుషులు చేసేవే, రెండింటి వల్లా ఫ్యూజు ఉండాల్సిన చోటికి రాలేదు. తప్పు ఒప్పుకున్న మనిషి దొరకగానే మీటరు పక్కన పెట్టేయడం మన కార్యాలయాల్లో మామూలు. ఒప్పుకోలు కొలత కాదు, దాన్ని కూడా పరీక్షకు పెట్టాలి. ఆ బుధవారం సెక్యూరిటీ గదిలో యాదగిరి చెప్పింది రాసుకుని నేను సంతకం పెట్టి ఉంటే, మరుసటి సాయంత్రం బంతిపూలు కట్టిన ఆ కారు పెళ్లికొడుకును ఎక్కించుకుని బయల్దేరేది.